గోడను తట్టి చూసి మాట చెప్పండి: గృహ నిర్మాణ అధికారులకు, ఇంజనీర్లకు, బ్యాంకర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గృహ నిర్మాణ అధికారులకు, పేదల ఇళ్ల బిల్లులపై సంతకం చేసే ఇంజనీర్లకు, గృహ రుణాలు మంజూరు చేసే బ్యాంకు అధికారులకు,

నమస్కారం.

నేను పాలమూరు పల్లెలో పుట్టి, హైదరాబాదులో శిల్పకళ చదువుకుని, 22 ఏళ్లుగా పచ్చి ఇటుకతోనూ ముద్దమట్టితోనూ ఇళ్లకు రూపం గీసి, కూలీలతో పాటు మట్టి తొక్కి, గోడ లేపి, కప్పు వేసి అప్పగిస్తున్న స్త్రీని. ఇప్పటికి 31 ఇళ్లు కట్టాను. వాటిలో ఏదీ కూలలేదు. మూడింటికి మాత్రం నా పొరపాటు వల్లనే గోడలు నెర్రెలిచ్చాయి. వాటిని నా ఖర్చుతోనే సరిచేశాను. గత మూడేళ్లలో ఒక కార్యాలయానికి నేరుగా రెండు, సోమవారం అర్జీల రోజున రెండు, మట్టి గోడల ఇళ్లకూ బిల్లు, అంటే ప్రభుత్వ గృహ పథకం డబ్బు, ఇవ్వమని మొత్తం నాలుగు వినతి పత్రాలు ఇచ్చినా ఒక్కదానికీ జవాబు రాకపోవడం వల్ల ఈ లేఖ రాయవలసి వచ్చింది. రసీదులు భద్రంగా ఉన్నాయి. మట్టి గోడల ఇంటికి బిల్లు ఇవ్వకూడదని ఏ నిబంధనలో ఉందో తెలపమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, కోరిన సమాచారం తమ వద్ద లభ్యం కాదన్న ఒక్క వాక్యం వచ్చింది. ఆ లభ్యం కాని నిబంధన మా ఊళ్లో ఇళ్లు కూలగొట్టిస్తోంది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. అక్కడి ఉద్యోగులు మర్యాదస్తులే. వాళ్ల చేతిలో ఉన్న ఫారంలో మట్టికి గడి లేదు, అంతే.

మట్టి ఇల్లు అనగానే మీలో చాలామందికి గుర్తొచ్చేది వానాకాలం పత్రికల్లో వచ్చే కూలిన మిద్దె ఫోటో. అందుచేత ముందు నా పని ఎలా సాగుతుందో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

చేతికి దొరికిన మట్టితో ఇల్లు కట్టం. నేల పైపొర జానెడు తీసి పక్కన పెడతాం; అది పంటకు చెందినది. దాని కింది మట్టిని గాజు సీసాలో సగం పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టి కదలకుండా పెడితే, ఇసుక నిమిషాల్లో అడుగుకు దిగుతుంది, ఒండ్రు గంటల్లో దిగుతుంది, బంకమన్ను పేరుకునేసరికి మరునాడవుతుంది. ఆ మూడు పొరల మందం చూసి ఏది తక్కువైతే అది కలుపుతాం. నల్లరేగడి ఒక్కటే వాడితే ఎండకు పగులుతుంది. ఇసుక పాలు ఎక్కువైతే వానకు రాలిపోతుంది. ఎర్రమట్టి, మొరం, చెరువు ఒండ్రు, వరిగడ్డి తరుగు కలిపి, రెండు మూడు రోజులు నానబెట్టి, తొక్కి, పిడికెడు తీసి ఉండ చేసి ఛాతీ ఎత్తు నుంచి నేలమీద వదులుతాం. ఉండ పగిలి చెదిరిపోకూడదు, అలాగని పేడముద్దలా అతుక్కుపోకూడదు. ఈ పరీక్ష నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. మా ఊరి మేస్త్రీ తాత నేర్పాడు. ఆయనకు చదవడం రాదు గానీ, రసమట్టం లేకుండా కంటితో చూసి గోడ వాలింది అన్నాడంటే వాలినట్టే.

సంక్రాంతి వెళ్లాక ఇటుక కోత మొదలవుతుంది. అచ్చు తీసిన ఇటుక మూడు నాలుగు రోజులు పడుకుని, ఆ తర్వాత పక్కకు నిలబడి, మొత్తం మూడు నాలుగు వారాలు ఆరుతుంది. శివరాత్రి నాటికి నేల నుంచి కనీసం ఒకటిన్నర అడుగుల ఎత్తు వరకు రాతికట్టు రావాలి. గోడలు ఉగాదికి మొదలై, కప్పు రోహిణి కార్తెలో పూర్తి కావాలి. మృగశిర చినుకు పడేసరికి చూరు గోడను దాటి రెండడుగులు బయటికి వచ్చి ఉండాలి. కాలికి రాయి, తలకు చూరు ఉంటే నడుమ ఉన్న మట్టికి వచ్చే కీడు తక్కువ. ఈ పంచాంగం తప్పితే ఆ ఏడాదికి పని లేనట్టే. వానాకాలమంతా నేను చేసేది పాత ఇళ్ల చుట్టూ తిరిగి గోడలు చూసుకోవడం, వచ్చే ఏటి ఇళ్లకు బొమ్మలు గీసుకోవడం.

ఆ గీతలు కాగితం మీద మొదలైనా కాగితం మీద ముగియవు. స్థలం శుభ్రం చేసి, ముగ్గుపిండితో ఇంటిని అసలు కొలతలో నేలమీద గీస్తాను. ఇంటివాళ్లను ఆ గీతల మధ్య రెండు రోజులు తిరగమంటాను. వంట చేసే మనిషి పొయ్యి ఎక్కడ ఉండాలో నిలబడి చూపిస్తుంది, ముసలాయన మంచం వేసుకుని తలుపు ఎటు తెరిస్తే గాలి వస్తుందో చెబుతాడు, పిల్లలైతే ఇంకా కట్టని గోడలను కూడా ఎక్కి దూకుతారు. చాలాసార్లు నేను గీసినదంతా చెరిపివేయవలసి వస్తుంది. మట్టి గోడ మందంగా ఉంటుంది కనుక దానిలో దీపపు గూడు, పుస్తకాల అర, కూర్చునే చోటు తొలుచుకోవచ్చు. తడి ఆరకముందు బొటనవేలితో ఒక లత గీయవచ్చు. నా శిల్పకళ ఇప్పుడు అక్కడే ఉంది. నన్ను సభలకు పిలిచి కళాకారిణి అని శాలువా కప్పుతారు. అదే మనిషి కట్టిన ఇంటికి బిల్లు రాసే వేళ మాత్రం గోడ కచ్చాది అంటారు.

ఈ కచ్చా అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణనలో మట్టి లేదా కాల్చని ఇటుక గోడను గడ్డి, వెదురు, ప్లాస్టిక్ పట్టాలతో కలిపి కచ్చా గోడగా రాసుకున్నారు. లెక్క కోసం పెట్టుకున్న గడి అది. అదే ఏడాది జనగణన ప్రకారం దేశంలో ఐదింట ఒక వంతుకు పైగా ఇళ్ల గోడలు మట్టివి లేదా పచ్చి ఇటుకవి. రెండడుగుల మందం ఉన్న మిద్దె గోడ, రోడ్డు పక్కన కట్టుకున్న ప్లాస్టిక్ పట్టా ఒకే గడిలో కూర్చోవడం విచిత్రమే. ఆ లెక్కన వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో గాంధీజీ నివసించిన బాపు కుటీరం గోడలు కూడా కచ్చావే.

అదే కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్) మార్గదర్శకాలు పక్కా ఇంటికి ఇచ్చిన నిర్వచనం ఇది: మామూలు వాడకానికి, వాతావరణానికి తట్టుకుంటూ, తగిన నిర్వహణతో కనీసం 30 ఏళ్లు నిలిచే ఇల్లు. ఇంటికి ఎంత వయసు ఉండాలో చెప్పారు. గోడ సిమెంటుదే కావాలని చెప్పలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ మట్టి ఇళ్లు భూకంపాన్ని తట్టుకునేలా ఎలా కట్టాలో 1993లోనే ఐఎస్ 13827 అనే మార్గదర్శకంలో రాసిపెట్టింది. గోడ ఎత్తు దాని మందానికి ఎనిమిది రెట్లు మించకూడదు. అడ్డగోడకు అడ్డగోడకు మధ్య పొడవు మందానికి పది రెట్లు మించకూడదు. కిటికీ గానీ తలుపు గానీ 1.2 మీటర్ల వెడల్పు దాటకూడదు. సిమెంటు కొద్దిపాళ్లలో కలిపి యంత్రంతో అదిమిన మట్టి ఇటుకలకు ఐఎస్ 1725 ఉంది. దానిని 1982లోను, మళ్లీ 2013లోను సవరించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1970ల నుంచీ ఈ ఇటుకల మీద పరిశోధన జరుగుతోంది. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో 1989 నుంచి మట్టి నిర్మాణానికే ఒక సంస్థ పనిచేస్తోంది. ఇవన్నీ ప్రభుత్వం దగ్గర, ప్రభుత్వానికి తెలిసిన చోట ఉన్నవే.

ఈ పనికి డిగ్రీ లేదు కదా అని నాతో అన్నవాళ్లున్నారు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో డిడి కాంట్రాక్టర్ అనే పెద్దావిడ ఉండేవారు. చిత్రకారుడి కూతురు, తానూ కళాకారిణే. వాస్తుశిల్పంలో పట్టా లేకుండానే, పెద్ద వయసులో అక్కడి మట్టి, పలకరాయి, వెదురుతో ఇళ్లు, సంస్థల భవనాలు కట్టారు. అది కొండ ప్రాంతం, వాన ఎక్కువ, భూకంప భయం మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2019లో ఆమెకు రాష్ట్రపతి నారీ శక్తి పురస్కారం ఇచ్చారు. 2021లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పురస్కారం ఇవ్వగలిగిన పనికి బిల్లు ఇవ్వలేమని చెప్పడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాలేదు.

మట్టి మీద మమకారంతో నిజం దాచను. మట్టి ఇళ్లు మనుషులను చంపాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో భూమి కంపించినప్పుడు వేలమంది నిద్రలోనే పోయారు. అక్కడి ఇళ్లకు బురదమట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మీద మోయలేనంత మట్టి మిద్దెలు. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు, అలంపురం మునిగినప్పుడు నీళ్లు నిలిచిన చోట మట్టి గోడలు కరిగి కూర్చున్నాయి. ఏటా వర్షాలకు మన పల్లెల్లో మిద్దెలు కూలి కుటుంబాలకు కుటుంబాలే పోతున్నాయి. అయితే కూలిన ప్రతి చోటికీ వెళ్లి చూసే అలవాటు నాకుంది. పదిలో తొమ్మిది చోట్ల ముందు పోయింది గోడ కాదు, కప్పు. మిద్దె కారినప్పుడల్లా దాని మీద ఇంకో తట్టెడు చౌడు మట్టి వేస్తూ పోతారు. ముప్పై ఏళ్లకు అది మోయలేని బరువవుతుంది. లోపల దూలాలను, దంతెలను చెద తినేసి ఉంటుంది. లేదా గోడకు బయట సిమెంటు పూత పూసి ఉంటారు. సిమెంటు పగుళ్లలోంచి లోపలికి పోయిన నీరు బయటికి రాలేక గోడ నడుమ కూర్చుంటుంది. పైకి నున్నగా కనిపించే గోడ లోపల పిండి అయిపోతుంది. మరో కారణం చెబితే మీరు నవ్వవచ్చు: ఊళ్లో సీసీ రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తూ పోవడం వల్ల, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లే ఇల్లు ఇప్పుడు రోడ్డుకన్నా కిందికి వచ్చింది. వాననీరంతా గడప ముందు ఆగుతుంది. రాతికట్టు మునిగి నీరు మట్టిని తాకుతుంది. ఇంటివాడు చేయని తప్పుకు ఇల్లు కూలుతుంది.

అయితే 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్‌లో వచ్చిన భూకంపంలో మట్టితో కట్టిన గుండ్రటి భుంగా ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. మన కోస్తాలోని చుట్టిళ్లదీ అదే ఆకారం. తుఫాను గాలి దాన్ని చుట్టి పోతుంది గానీ ఢీకొట్టదు. కిల్లారిలో కూలినదీ మట్టే, కచ్‌లో నిలిచినదీ మట్టే. తేడా ఆకారంలో, బరువులో, కట్టే తీరులో ఉంది. ఇంజనీర్లకు ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ తిరస్కారం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. బాగున్న ఇంటిని చేజేతులా కూలగొట్టుకుంటున్నారు. తెలంగాణ రాష్ట్రంలో 2024 నుంచి అమలవుతున్న ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం ఉన్నవారికి నాలుగు విడతల్లో 5 లక్షల రూపాయలు ఇస్తుంది. మంచి పథకమే, దానివల్ల గూడు దొరికిన వాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. కానీ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, కప్పు ఆర్‌సీసీ స్లాబే కావాలి. పునాది నుంచి కొత్తగా కడితేనే డబ్బు. మా వీధిలో ఒక కుటుంబం మూడు అంకణాల మిద్దె ఇంటిని, అరుగుతో సహా, జేసీబీతో ఒక్క పూటలో చదును చేయించింది. వాళ్ల తాత నాటి రెండడుగుల గోడలు కూల్చడానికి జేసీబీ డ్రైవరు ఎంత అవస్థ పడ్డాడో నేను నిలబడి చూశాను. కూలని గోడను పడగొట్టి, కూలిపోయే గోడ కాబట్టి పడగొట్టామని రాసుకున్నారు. ఇప్పుడు వాళ్లకు రెండు గదులున్నాయి. చాలని డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఇంట్లో ముసలి దంపతులకు చోటు లేక పశువుల కొట్టంలో పడుకుంటున్నారు.

2. ఎండకు మనుషులు మాడుతున్నారు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు. పగలు పనిలో కాలిన ఒళ్లు రాత్రి చల్లబడాలి. పలుచని గోడలు, మీద నాలుగైదు అంగుళాల స్లాబు ఉన్న గది పగలంతా ఎండను తాగి, మనిషి పడుకునే వేళకు దానిని లోపలికి వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి మంచం పట్టె ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. మందపాటి మట్టి గోడ గుండా ఆ వేడి లోపలికి చేరేసరికి బయట చల్లబడి ఉంటుంది. మా ఊళ్లో కొత్త ఇళ్లవాళ్లు చైత్ర, వైశాఖ మాసాల్లో వేపచెట్టు కింద పడుకుంటున్నారు, లేదా కూలరు కొని కరెంటు బిల్లుకు భయపడుతున్నారు. బాలింతను, పసిబిడ్డను చెట్టు కింద పడుకోబెట్టలేరు కదా.

3. మరమ్మతుకు డబ్బు లేకపోవడం వల్ల ప్రమాదం ఉన్న కప్పులే నెత్తిమీద మిగిలిపోతున్నాయి. జాబితాలో పేరు రానివాళ్లు, స్థలం చాలనివాళ్లు, మిగతా సొమ్ముకు అప్పు పుట్టనివాళ్లు పాత మిద్దెల కిందే ఉంటున్నారు. చెద తిన్న దూలాలు తీసేసి, పైన ఉన్న మట్టి బరువు దించి, పెంకు వేయడానికి అయ్యే ఖర్చు కొత్త ఇంటి ఖర్చులో మూడో వంతు కూడా ఉండదు. ఆ మూడో వంతుకు ఏ పథకమూ లేదు. కప్పు కూలి మనుషులు పోయాక మాత్రం పరిహారం వస్తుంది.

4. బ్యాంకు అప్పు పుట్టదు. నా దగ్గర ఇల్లు కట్టించుకుందామని వచ్చిన ఉపాధ్యాయ దంపతులకు జీతాల పత్రాలు, పొలం కాగితాలు అన్నీ సక్రమంగా ఉన్నా, ఒక బ్యాంకు శాఖలో గోడ దేనితో అని అడిగి, ఫైలు మూసి వెనక్కి ఇచ్చారు. విలువ కట్టే ఇంజనీరు స్థలానికి రానేలేదు. వాళ్లు సిమెంటు ఇల్లే కట్టుకున్నారు. ఇందువల్ల జరిగిందేమిటంటే, మట్టి ఇల్లు ఇప్పుడు అప్పు అవసరం లేనివాళ్లది అయిపోయింది. హైదరాబాదు చుట్టుపక్కల ఫాంహౌసుల్లో నేను కట్టిన ఇళ్లకు పత్రికలవాళ్లు ఫోటోలు తీసుకుంటారు. వాటిలో మనుషులు నెలకు నాలుగు రోజులుంటారు. నా బతుకు గడుస్తున్నది వాటి మీదే కనుక వాటిని తిట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ గోడలు లేపిన కూలీ తన సొంత మట్టి ఇంటిని బిల్లు కోసం కూలగొడుతున్నాడు. అది చూస్తూ ఫాంహౌసుకు లత చెక్కడం నాకు సిగ్గుగా ఉంటుంది.

5. పని తెలిసిన చేతులు ఊరు విడుస్తున్నాయి. మట్టి ఇంటి ఖర్చులో పెద్ద భాగం కూలి. అది ఊళ్లోనే తిరుగుతుంది. సిమెంటు, స్టీలు ఇంటి ఖర్చులో పెద్ద భాగం లారీ ఎక్కి వెళ్లిపోతుంది. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీ గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. మట్టి పని తెలిసిన ఉప్పర, వడ్డెర కుటుంబాల పిల్లలు నగరంలో సెంట్రింగు పనికి పోయారు. నాకు నేర్పిన తాత చనిపోయాక ఆయన కొడుకు అపార్ట్‌మెంట్ల దగ్గర కాపలా కాస్తున్నాడు. గోడ అలకడం, ఎర్రమట్టి పూయడం, జాజుతో అంచు దిద్దడం ఆడవాళ్ల చేతి విద్య. దానికి కూలి కట్టే ఒక్క పథకం కూడా లేదు.

6. మరి కాల్చిన ఇటుక ఎక్కడి నుంచి వస్తోంది? పొలం పైమట్టిని ఎకరాల లెక్కన కోసి తీసుకుపోతే వస్తోంది. బొగ్గు, ఊక కాల్చితే వస్తోంది. ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చి, ఆ అప్పు తీరేదాకా బట్టీ దగ్గర పాకల్లో ఉండే కుటుంబాల చేతుల మీదుగా వస్తోంది. వాళ్ల పిల్లలకు ఆ ఆరు నెలలు బడి ఉండదు. భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2003లో ప్రచురించిన లెక్కల ప్రకారం కొద్దిగా సిమెంటు కలిపి అదిమిన మట్టి ఇటుక గోడకు పట్టే శక్తి, కాల్చిన ఇటుక గోడకు పట్టే శక్తిలో సుమారు మూడో వంతే. పేదవాడి ఇంటికి మరో పేదవాడి బాల్యం ఖర్చవుతున్నప్పుడు ఆ ఇటుకనే తప్పనిసరి చేయడం న్యాయం కాదు.

ఇందుకు మేము కోరుతున్నవి ఇవి. మేము అంటే నేను, నాతో పనిచేసే మేస్త్రీలు, ఈ లేఖ చదివించుకుని వేలిముద్ర వేసిన ఇళ్లవాళ్లు.

అన్నిటికన్నా ముందు, ఒక లిఖిత ఉత్తర్వు కావాలి. ఐఎస్ 13827, ఐఎస్ 1725 కొలతలకు లోబడి కట్టిన గోడను పక్కా గోడగా గుర్తించి బిల్లు ఇవ్వాలని మండల స్థాయి ఇంజనీరుకు రాతపూర్వకంగా తెలపండి. నోటిమాట వద్దు. బదిలీ అయిన అధికారితో పాటే నోటిమాటా పోతుంది. కప్పు విషయంలో స్లాబు ఒక్కటే అనే షరతు సడలించి, పెంకుకు, బండలకు, ఇతర తేలిక కప్పులకు అవకాశం ఇవ్వండి. షరతులు మీరు పెట్టండి, మేము ఒప్పుకుంటాం: నీళ్లు నిలిచే పల్లపు చోట, వరద తాకే నది ఒడ్డున మట్టి గోడ వద్దు, భద్రాచలం వైపు వంటి చోట్ల, అక్కడ 1969లో భూమి కంపించిన సంగతి మీకు తెలుసు, మూలల్లో, కిటికీల పైన పట్టీలు తప్పనిసరి చేయండి, రాతికట్టు లేని గోడకు బిల్లు ఆపేయండి. ప్రతి ఒక్కరూ మట్టి ఇల్లే కట్టుకోవాలని మేము అనడం లేదు. స్లాబు ఇల్లు కావాలనుకునే వారికి అది దక్కాలి. ఒక ఆడపడుచు తన కూతురి సంబంధం కోసం సిమెంటు ఇల్లు కావాలంటే ఆమెకు మట్టి గొప్పతనం బోధించే పని నేను ఎన్నడూ చేయలేదు.

రెండోది మరమ్మతు. నా దృష్టిలో అన్నిటికన్నా త్వరగా ప్రాణాలు కాపాడేది ఇదే. వానాకాలానికి ముందు ప్రతి గ్రామంలో మట్టి మిద్దెల కప్పులు తనిఖీ చేయించి, గోడ బాగుండి కప్పు చెడిన ఇళ్లకు కప్పు మార్పిడి కోసం ప్రత్యేకంగా సాయం మంజూరు చేయండి. గ్రామీణ ఆవాస్ మార్గదర్శకాల్లో ఇంటికి 90 పనిదినాల కూలి కలుపుకునే ఏర్పాటు పెట్టారు. అలాంటి ఏర్పాటే ఇటుక కోతకు, మట్టి పూతకు వర్తింపజేస్తే ఆడవాళ్ల చేతి పనికి తొలిసారి మస్టరు (కూలి హాజరు పట్టీ) పడుతుంది. ఊళ్లో రోడ్డు వేసేటప్పుడు పాత పొర తవ్వి తీయించడం, పక్కన మోరీ కట్టించడం మీ శాఖ పని కాదని నాకు తెలుసు, కానీ ఆ శాఖకు ఒక ఉత్తరం రాయడం మీ చేతిలో పనే.

ఇంజనీరు మిత్రులకు వేరుగా ఒక మాట. నాలుగేళ్ల చదువులో మీరు మట్టిని పునాది కింది నేలగా చదివారు గానీ గోడగా చదివే అవకాశం మీకు రాలేదు. తెలియని దాని మీద సంతకం పెట్టకపోవడం జాగ్రత్తే. దానిని నేను తప్పు పట్టను. జిల్లాకు ఇద్దరు ఇంజనీర్లను రెండు వారాలు మట్టి పని నేర్చుకోవడానికి పంపమని అధికారులను అడగండి. పని తెలిసిన మేస్త్రీలకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వండి. నాకూ పెట్టండి. తప్పితే ఇంకో ఏడాది నేర్చుకుని వస్తాను.

బ్యాంకు అధికారులను కోరేది చిన్నది. గోడ పేరు వినగానే ఫైలు మూయకుండా, విలువ కట్టే ఇంజనీరును ఒక్కసారి స్థలానికి పంపండి. ఆయన చూసి వద్దని కారణం రాస్తే మేము తల వంచుతాం.

నా వైపు నుంచి ఒక పని చేస్తాను. మీరు చెప్పిన కార్యాలయం ఆవరణలో, మీరు చూపిన చోట, నా ఖర్చుతో పదడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు మట్టి గోడ ఒకటి రాతికట్టు మీద కట్టి, మీద చూరు వేసి అప్పగిస్తాను. మూడు వానాకాలాలు దానిని అలాగే వదిలేయండి. పైపు పెట్టి నీళ్లు కొట్టండి, కోసి ముక్కలు తీసి పరీక్షకు పంపండి. వచ్చిన ఫలితం ఏదైనా నలుగురికీ తెలిసేలా నోటీసు బోర్డు మీద పెట్టండి.

చివరగా, ఆగలేని విషయం ఒకటి. మా వీధి చివరి ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ ఒక్కతే ఉంటుంది. ఈసారి జాబితాలో ఆమె పేరు వచ్చింది. నెలలోపు ముగ్గు పోయకపోతే మంజూరు రద్దవుతుందని చెప్పారు. ఆమె ఇంటి గోడలను నేను నాలుగు మూలలా తట్టి చూశాను, అడుగున తవ్వి చూశాను. గోడలు గట్టిగా ఉన్నాయి. కప్పు మాత్రం రెండు దూలాల దగ్గర చెద తినేసింది, ఈ వానలకు నిలవదు. కప్పు మార్చడానికి డబ్బు లేదు, ఇల్లంతా కూల్చడానికి ఉంది. కూల్చమంటావా, ఉంచమంటావా బిడ్డా అని ఆమె నన్ను అడిగింది. మృగశిర వచ్చేలోపు మీలో ఒక ఇంజనీరు వచ్చి ఆ గోడను చూసి చెబుతారని, అప్పటిదాకా ఆగమని ఆమెకు మాట ఇచ్చాను.

ఇట్లు,
మట్టి ఇళ్లు కట్టే ఒక శిల్పి,
పాలమూరు